గంట దూరంలో బహ్రెయిన్

నా తమ్ముడు అమీర్‌సాబ్ బహ్రెయిన్‌కు క్షేమంగా చేరానని రాసిన ఉత్తరం నా మొగుడి పెట్టెలో నాకు దొరికేసరికి, వాడింకా మా పెరట్లో కూర్చొని సంగటి తింటున్నాడు.

ఆ రోజు 1982 మే మూడో తేదీ. ఉత్తరం మీద వేసిన తేదీ మే పదిహేడు.

రగ్గుకు పురుగు పడుతుందేమోనని ఎండలో ఆరేయడానికి, నా మొగుడు ఫక్రుద్దీన్ బహ్రెయిన్ నుంచి తెచ్చిన ఆకుపచ్చ సూట్‌కేసు తెరిచాను. రగ్గు తీస్తే కింద రబ్బరు బ్యాండు వేసిన కవర్లు అయిదున్నాయి. అన్నింటి మీదా అమీర్ చేతిరాతే. పైదాని మీద మా నాయన పేరు: షేక్ లాల్‌సాబ్, రిటైర్డ్ రైల్వే గార్డు, ధర్మవరం. ఇంకా అంటించలేదు. తీసి చదివాను.

'అమ్మకూ నాయనకూ సలాం. నేను క్షేమంగా చేరినాను. పొద్దున ఆరున్నరకు బొంబాయిలో విమానం ఎక్కితే ఏడున్నరకు బహ్రెయిన్‌లో దిగినాము. గంటసేపే. ఏమీ కష్టం కాలేదు. ఇక్కడ రూమూ తిండీ బాగున్నాయి. దిగులు పడవద్దు.'

ఉత్తరం పట్టుకొని పెరట్లోకి నడిచాను.

"ఏందిరా ఇది?"

అమీర్ తల ఎత్తి చూసి, ముద్ద మింగి, నవ్వాడు. "బావ పెట్టె వెతుకుతాండావా అక్కా? సీఐడీలో చేరినావా ఏమి?"

"నువ్వు ఈడ ఉండావు. ఆడ చేరినట్టు ఎట్ల రాస్తివి?"

"బావే రాయించినాడు. దిగినాక పదిదినాలు మెడికలంట, కాగితాలంట, ఊపిరాడదంట. ముందే రాసిస్తే ఏజెంటు మనిషి దిగిన దినమే ఆడ పోస్టులో వేస్తాడు. ఈడ అమ్మ గుండె కుదుటపడతాది. ఎర్రమంచి సంజీవప్పకు రాయను రాదు గదా, ఆయనదీ నేనే రాస్తి. అందరివీ నేనే. కూలి కూడా అడగలా."

"ఆరున్నర, ఏడున్నర అని నీకెట్ల తెలుసు?"

"బావ చెప్పినాడు. ఆయనకు తెలీకపోతే ఎవరికి తెలుస్తాది?"

నిజమే. హిందూపురంలో మా వీధి మొత్తానికీ విమానం ఎక్కింది నా మొగుడొక్కడే.

మావాళ్ళది తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టే వృత్తి. ఫక్రుద్దీన్ రెండేళ్ళు బహ్రెయిన్‌లో పనిచేసి ముందటి డిసెంబర్‌లో తిరిగొచ్చాక దబ్బనం ముట్టలేదు. ఆయన లేని రెండేళ్ళూ పరుపులు కుట్టింది నేను. ఆయనొచ్చాక కూడా నేనే కుట్టాను. ఆయన అంగడి ముందు అరుగు మీద కూర్చొని బహ్రెయిన్ చెప్పేవాడు. ఎవరొచ్చినా మొదట అడిగేది ఒకటే.

"ఎంత దూరమప్పా?"

"గంట."

"గంటా?"

"హిందూపురంలో బస్సెక్కి పెనుకొండలో దిగినంతసేపు. ఆరున్నరకు ఎక్కితిమి, ఏడున్నరకు దిగితిమి."

"మరి వచ్చేటప్పుడో?"

"వచ్చేటప్పుడు ఆరు గంటలు. రాత్రి పదికి ఎక్కితే తెల్లారి నాలుక్కు దించినాడు. ఎదురుగాలి."

ఎదురంగడి టీ దాసప్ప ఈ మాట విన్నప్పుడల్లా గ్లాసు కింద పెట్టేవాడు. "అట్లయితే పోయేటప్పుడు గాలే మోసుకుపోతాదన్న మాట. ఇంగ పెట్రోలు పొయ్యడమెందుకు, దండగ!"

అందరూ నవ్వేవారు. ఫక్రుద్దీన్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు. కానీ గంట అన్న మాట మాత్రం నిలిచిపోయింది. సోమందేపల్లి దాకా, పెనుకొండ దాకా, పల్లెల్లో బహ్రెయిన్ గంట దూరంలో ఉండే ఊరు. మా అమ్మ రహమత్‌బీ నాలుగు నెలలపాటు అమీర్‌ను పంపనని మొండికేసి కూర్చుంది. చివరికి ఒప్పుకుంది కూడా ఆ గంట వల్లే. "మా సయీదా ఉండే హిందూపురానికి పోవాలన్నా నాకు మూడు గంటలు పడతాది. వాడు దానికంటే దగ్గర్లోనే ఉంటాడు గదా" అంది.

వాళ్ళను పంపే ఏజెంటు బొంబాయిలో ఉంటాడు. మా వైపు నుంచి అయిదుగురిని కూడగట్టింది నా మొగుడు. తాను కూడా వాళ్ళతో మళ్ళీ పోతున్నాడు. మే పదమూడున ధర్మవరంలో రైలు.

ఆ సాయంత్రం ఉత్తరాల సంగతి ఆయన్ను అడిగాను. కొంచెం కూడా తడబడలేదు. "నాదీ అట్లే రాస్తిని గదా. పోయేటోళ్ళందరూ చేసే పనే" అన్నాడు.

నేను టీపొడి డబ్బాలో దాచుకున్న ఆయన మొదటి ఉత్తరం తీశాను. దాని మీద బహ్రెయిన్ స్టాంపు, బహ్రెయిన్ ముద్ర. లోపల రాసింది నాకు నోటికొచ్చు. అయినా మళ్ళీ చదివాను. ఆరున్నర. ఏడున్నర. గంటసేపే. దిగులు పడవద్దు. రెండేళ్ళు నేను ఒళ్ళో పెట్టుకొని బతికిన ఉత్తరం అది. ఎక్కకముందే రాసిందని ఆ పూటే తెలిసింది.

అయితే ఏమి, పోయొచ్చినోడే కదా అని సర్దిచెప్పుకున్నాను.

*

తరువాతి ఆదివారం అందరం ధర్మవరంలో మా నాయన ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. పోయేవాళ్ళకు అమ్మ పెట్టే విందు. పొట్టేలు కూర, గీ రైస్, అన్నీ ఉన్నాయి. అమ్మ నవ్వుతూనే వడ్డిస్తోంది. అమీర్ పళ్ళెంలో మాత్రం ముక్కలు ఎక్కువ పడుతున్నాయి.

మా నాయన మాట తక్కువ మనిషి. ముప్ఫై ఆరేళ్ళు రైలు చివరి పెట్టెలో ఒంటరిగా కూర్చున్న గార్డుకు మాటలెక్కణ్ణుంచి వస్తాయి? ఆయన జేబులో రైల్వేవాళ్ళది పెద్ద గుండ్రటి గడియారం ఎప్పుడూ ఉండేది. ఏ బండి కూత వినిపించినా తీసి చూసేవాడు.

ఆ రోజు మాత్రం ఫక్రుద్దీన్ చేతి వాచీ వైపు చూశాడు.

"మంచి వాచీ మాదిరుండాది అల్లుడా."

"ఆడ కొనింది మామా." ఫక్రుద్దీన్ చెయ్యి చాపాడు. "ఏడాదిన్నర అయింది. ఒక్క నిమిషం అటూ ఇటూ పోదు."

"బహ్రెయిన్‌లో కొన్నావా?"

"అవును."

"అయితే ఈడికొచ్చినాక ముల్లు తిప్పుకొని ఉంటావు."

"ఎందుకు మామా తిప్పేది? ఆడ ఎట్ల పెట్టిచ్చినానో ఈడా అట్లే నడుస్తాండాది. ముల్లు ముట్టిన పాపాన పోలా."

"ఆడ పన్నెండంటే ఈడా పన్నెండేనా?"

ఫక్రుద్దీన్ నవ్వాడు. "పన్నెండు యాడైనా పన్నెండే గదా మామా! రైలోళ్ళకు ఎప్పుడూ టైము పిచ్చే."

అమీర్ కూడా నవ్వాడు. మా నాయన నవ్వలేదు, కోప్పడలేదు. పళ్ళెంలో మిగిలిన అన్నం మెల్లగా తిని, చెయ్యి కడుక్కొని, "అల్లుడికి ఇంకొంచెం కూర వెయ్యి" అని అమ్మతో చెప్పి బయటికి పోయాడు.

భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. నాయన నన్ను వేపచెట్టు కిందకు పిలిచాడు. అమ్మ అంతకు ముందు రోజు కొట్టిన చింతపండు గింజలు అక్కడ కుప్పగా ఉన్నాయి. ఆయన గొంతుక్కూర్చొని గింజలు ఏరాడు.

"ఒక గింజ అంటే అర్ధగంట. పోయేటప్పుడు గంటంటాడు మీ ఆయన. రెండు గింజలు." రెండు గింజలు వరసగా పెట్టాడు. "వచ్చేటప్పుడు ఆరు గంటలు. ఎన్ని?"

"పన్నెండు."

కింద ఇంకో వరస పన్నెండు గింజలు పెట్టాడు. "నేను గుంతకల్లుకు గూడ్సు తీసుకొని పోయి తీసుకొని వచ్చినోణ్ణి. పోను ఎంతో, రాను అంతే. గాలీ ఎక్కుడూ దిగుడూ ఉంటే కొంచెం తేడా పడతాది, కాదన్ను. కానీ ఒకవైపు రెండు, ఇంకోవైపు పన్నెండు పడేది ఏ బండికీ లేదు. రెండు వరసలూ సమానం చెయ్యి చూస్తాం."

కింది వరసలోవి ఒక్కొక్కటే పైకి జరిపాను. అయిదు జరిపితే రెండు వరసలూ ఏడేసి గింజలయ్యాయి.

"ఏడు గింజలంటే మూడున్నర గంటలు. అదీ విమానం పోయేది. పోనూ అంతే, రానూ అంతే. నువ్వు జరిపిన అయిదు గింజలు విమానానివి కాదు. గడియారానివి. ఆడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక నడుస్తాది. బొంబాయిలో ఆరున్నరకు ఎక్కితే మనకు పది గంటలకు దిగుతారు. అప్పుడు ఆడ ఏడున్నరే."

"నీకెట్ల తెలుసు నాయనా?"

"నేను పోలేదూ?" అన్నాడు.

మా నాయన యుద్ధం రోజుల్లో లడాయికి పోయాడని మాకు తెలుసు. ఎక్కడికని మేమెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

"బస్రాకు. రైల్వే కంపెనీలో. నాకప్పుడు ఇరవై ఏండ్లు. బొంబాయిలో ఓడెక్కితే అయిదు దినాలు. పొద్దున్నే సార్జెంటు వచ్చి, గడియారాలు అర్ధగంట వెనక్కి తిప్పుకోండని అరిచేటోడు. దినానికి అర్ధగంట. అయిదు దినాలు." ఆ అయిదు గింజలనూ వేలితో పక్కకు తోశాడు. "బహ్రెయిన్ కూడా ఆ సముద్రంలోదే. గడియారం తిప్పకుండా ఆ దేశంలో ఒక్క దినం గడపను కాదు సయీదా. నమాజు బాంగు తప్పుతాది, పని తప్పుతాది, అన్నం తప్పుతాది. నీ మొగుడు రెండేండ్లుండినానంటాండాడు."

నేను గింజల వైపే చూస్తున్నాను.

"కాగితం మీద రాసిన టైములే ఆయనకు తెలుసు. ఆరున్నర, ఏడున్నర. పది, నాలుగు. కాగితం చూసి లెక్క కట్టినాడు. విమానంలో కూర్చున్నోడైతే గంటకూ మూడున్నర గంటలకూ తేడా వాని నడుమే చెప్పును."

"అయితే అమీరు?"

"వాణ్ణి నేను ఎక్కనీను. మీయమ్మకు బాగలేదని ఆపేస్తా. వాడు నా కొడుకు, అది నా పని." కొంచెం ఆగి అన్నాడు: "ఇంకా నలుగురు ఉండారు. వాళ్ళను నేను ఆపలేను. పోలీసుల దగ్గరికి పోతే ఏం చూపించేది, చింతగింజలా? నిజం అల్లుడి నోట్లో నించే రావల్ల. రప్పిస్తే నీ సంసారం వీధిలో పడతాది. రప్పించకపోతే ఆ నలుగురి సంసారాలు. బండికి ఎర్రజెండా చూపాలనో పచ్చజెండా చూపాలనో నేను నీకు చెప్పను."

గింజలన్నీ పోగుచేసి కుప్పలో కలిపేశాడు.

*

హిందూపురం తిరిగొచ్చాక నాలుగు రోజులు నేను నోరు తెరవలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, వీధిలో నన్ను 'బహ్రెయిన్ సయీదమ్మ' అనేవాళ్ళు. కొళాయి దగ్గర నా బిందెకు దారి ఇచ్చేవాళ్ళు. రెండేళ్ళు దబ్బనంతో వేళ్ళు పొడుచుకున్నదానికి నాకు మిగిలింది ఆ పేరొక్కటే. అమీర్ ఎలాగూ ఆగిపోతాడు. మిగతావాళ్ళు నాకేమవుతారు?

మంగళవారం ఎర్రమంచి నుంచి సంజీవప్ప పెళ్ళాం నల్లమ్మ వచ్చింది. పోయే అయిదుగురిలో సంజీవప్ప ఒకడు. గొర్రెల మందను అమ్మి ఏజెంటుకు కట్టాడు. ఆమె కొంగులో కట్టుకొచ్చిన అలసందలు నా చేటలో పోసి, గడప పక్కన కూర్చుంది.

"అక్కా, ఒక మాట అడగల్ల. నవ్వద్దు."

"అడుగు."

"మా ఆయనకు చలికాలంలో ఆయాసమొస్తాది. మిరియాల కషాయం నేను కాంచితేనే తగ్గుతాది. గంటే గదా, ఎవరైనా పోయేటోళ్ళుంటే సీసాలో పోసి ఇస్తే వేడి ఆరకముందే చేరతాదా?"

నేను చేట దగ్గరికి లాక్కొని అలసందల్లో రాళ్ళు ఏరసాగాను.

"నాలుగు గొర్రెలన్నా ఉంచుకో అంటి" అని ఆమే మళ్ళీ అందుకుంది. "వినలా. నీ పిచ్చి, గంటలో ఊరికొచ్చే మనిషికి గొర్రెలెందుకే అనె. మంద పొయ్యేటప్పుడు ఒక పిల్ల వెనక్కి తిరిగి దొడ్లోకొచ్చింది. దాన్ని కూడా తోలేసినాడు."

ఆమె పోయాక పిండి కలుపుతూ కూర్చున్నాను. రాత్రికి రొట్టెలు. నీళ్ళెక్కువయ్యాయి, చేతికి అంటుకుపోతోంది. ఫక్రుద్దీన్ లోపలికొచ్చి చూసి, "ఇట్లివ్వు" అని పళ్ళెం లాక్కున్నాడు. రెండు చేతులతో మడిచి, తోసి, తిప్పి, మళ్ళీ మడిచాడు. మూడు నిమిషాల్లో పిండి పట్టులా అయింది. పెళ్ళయినప్పుడు ఈ మనిషికి టీ పెట్టడం కూడా రాదు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. మోచేతి కింద అడ్డంగా కాలిన గీతలు, ఒకదాని కింద ఒకటి. ఇనప పొయ్యి తలుపు తగిలితే పడేలాంటివి. అంతకు ముందు నేను అడిగితే, నూనె బావుల దగ్గర ఇనుము తగిలి కాలింది అని చెప్పాడు.

అప్పుడే టీ దాసప్ప కబురు తెచ్చాడు. ధర్మవరం నుంచి వచ్చిన బస్సు కండక్టరుతో మా నాయన చెప్పి పంపాడట: రహమత్‌బీకి ఒంట్లో బాగలేదు, అమీర్ ఈసారి రాడు.

నేను నా మొగుడి ముఖం చూశాను. కోప్పడతాడనుకున్నాను. కూడగట్టిన అయిదుగురిలో ఒకడు తప్పిపోతున్నాడు మరి.

ఆయన పిండి ముద్దను పళ్ళెంలో పెట్టి, గోడకు ఆనుకొని, చాలాసేపటి నుంచి బిగబట్టినట్టుగా ఊపిరి వదిలాడు.

"పోనీలే" అన్నాడు. "అమీరు రాకపోతే మంచిదేలే."

అంతే అన్నాడు. నాకు అది చాలు.

*

పదమూడో తేదీ పొద్దున ధర్మవరం స్టేషన్‌లో ఎండ అప్పటికే మండుతోంది. గుంతకల్లు బండి పదకొండుకు. అక్కడ దిగి బొంబాయి బండి ఎక్కాలి. సంజీవప్ప కొత్త పంచె, కొత్త చెప్పులు వేసుకొని ఇనప పెట్టె మీద కూర్చున్నాడు. చెప్పులు కరుస్తున్నట్టున్నాయి, మాటిమాటికీ విప్పి తొడుక్కుంటున్నాడు. మిగతా ముగ్గురూ సోమందేపల్లి మగ్గాలవాళ్ళు. వాళ్ళ ఇళ్ళవాళ్ళంతా వచ్చారు. నల్లమ్మ చేతిలో చిత్రాన్నం మూట. అమీర్ ముఖం మాడ్చుకొని స్తంభం పక్కన నిలబడ్డాడు. తల్లికి బాగలేదన్నారని నమ్మి ఆగాడు గానీ, ఆ తల్లే ఉదయం రెండు బిందెల నీళ్ళు మోసింది.

మా నాయన పాత యూనిఫారం కోటు వేసుకొని బెంచీ చివర కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

"ఏడవద్దు నల్లమ్మా" అంటున్నాడు ఫక్రుద్దీన్. "గంట దూరానికి ఎవరన్నా ఏడుస్తారా?"

"ఏడవలా అన్నా, దుమ్ము పడింది" అంది ఆమె. "గంటే గదా. సాయంత్రం పొయ్యి రాజేసే లోపల పోయి రావచ్చు."

నేను ముందుకొచ్చాను.

"ఏమయ్యా, ఇప్పుడు బహ్రెయిన్‌లో టైమెంత?"

ఆయన వాచీ చూసుకున్నాడు. "పదీ నలభై."

"సరిగ్గా చూసి చెప్పు."

"పదీ నలభయ్యే సయీదా. ఏమాయె నీకు?"

"నాయనా, నువ్వు చెప్పు."

మా నాయన కోటు జేబులోంచి గుండ్రటి గడియారం తీశాడు. దాన్ని చూసి, మళ్ళీ మూత వేశాడు. "ఈడ పదీ నలభై. ఆడ ఎనిమిదీ పది. విమానం పొయ్యేదీ గంట కాదు, మూడున్నర గంటలు" అన్నాడు. "నేను లడాయిలో ఆ సముద్రం ఒడ్డున మూడేండ్లుండినా. ఆడ ఉండినోడు ఎవడూ ఈ లెక్క తప్పడు."

సంజీవప్ప చెప్పు తొడుక్కోవడం ఆపాడు. "అంటే ఏంది సామీ?"

నేను సంచిలోంచి కవర్లు తీశాను. పొద్దునే నా మొగుడి సూట్‌కేసులోంచి తీసుకున్నాను. సంజీవప్పది వెతికి ఆయన చేతిలో పెట్టాను.

"అన్నా, ఇది నీ ఉత్తరం. నువ్వు బహ్రెయిన్‌లో క్షేమంగా దిగినావని దీంట్లో రాసుండాది. పది దినాల తర్వాత నల్లమ్మ చదివించుకొని సంతోషపడల్ల. నువ్వు యాడున్నా సరే, ఈ ఉత్తరం మాత్రం బహ్రెయిన్ నించి వస్తాది."

నల్లమ్మ మూట కింద పెట్టింది. దూరంగా బండి కూత వేసింది. మా నాయన మొట్టమొదటిసారి కూత విని కూడా గడియారం చూడలేదు.

"బావా, అక్క ఏమంటాంది?" అన్నాడు అమీర్.

బండి వచ్చి ఆగింది. జనం దిగారు, ఎక్కారు. మా గుంపులో ఎవరూ కదల్లేదు. ఫక్రుద్దీన్ బండి తలుపు వైపు ఒకసారి చూశాడు. పరుగెత్తితే ఎక్కగలడు. నేను పక్కకు జరిగి దారి ఇచ్చాను కూడా.

ఆయన ఎక్కలేదు. ఆకుపచ్చ సూట్‌కేసు నిలబెట్టి దాని మీద కూర్చున్నాడు. వాచీ విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. బండి కదిలి చివరి పెట్టె ప్లాట్‌ఫారం దాటింది. తరువాత మాట్లాడింది నాతో కాదు. సంజీవప్పతో.

"సంజీవన్నా, పెట్టె ఇంటికి తీసుకొని పో. ఆడ విమానం లేదు. ఉంటాదేమో గానీ మనకు లేదు. నన్ను కూడా ఇట్లే పన్నెండుమందితో విమానాల గేటు దాకా తీసుకుపోయి, కాగితాలు తెస్తా ఉండండని చెప్పి, ఏజెంటు మళ్ళీ రాలా. మూడు దినాలు ఆడే పండుకొంటిమి. చేతిలో టికెట్టుండె. ఆరున్నర, ఏడున్నర. రాను పది, నాలుగు. ఆకలైనప్పుడల్లా తీసి చదువుకొంటి. అది ఉత్త కాగితమని, మాలో లోపలికి పోయి అడిగొచ్చినోడు చెప్పె.

"ఊరికి రావల్లనే అనుకొంటి. స్టేషన్‌కు కూడా పోతి. అంతలోకే నేను చేరినట్టు ఉత్తరం సయీదాకు పోయిందని ఏజెంటు మనిషొకడు చెప్పె. నేను రాసిచ్చిందే. ఏజెంటు దాన్ని ఎవరి చేతనో ఆడ పోస్టు చేయించినాడు, పోలీసులకు ఎవరూ పోకుండా. ఊరంతా నేను బహ్రెయిన్‌లో ఉండానని అనుకుంటాంటే నేను ఏ ముఖంతో హిందూపురంలో దిగేది? బొంబాయిలోనే ఒక బేకరీలో చేరితి. రెండేండ్లు పిండి పిసికితి. ఈ రగ్గూ వాచీ అన్నీ ఆ బొంబాయి బజార్లోవే. నా ఉత్తరాలు ఓడలో పనిచేసేటోడొకడు తీసుకుపోయి ఆడ పోస్టులో వేసేటోడు.

"పోయిన ఏడు ఏజెంటే బేకరీకి వచ్చె. మీ వైపు నించి అయిదుగురిని పట్టుకొని రా, ఈసారి నిన్ను నిజంగా ఎక్కిస్తా అనె. వాణ్ణి నమ్మినానా అంటే నమ్మలా. కానీ నాకు ఒక్కసారి ఎక్కల్ల అనిపించె. ఒక్కసారి ఎక్కితే నేను చెప్పిందంతా నిజమైపోతాది గదా. మీ అయిదుగురూ ఏమవుతారో నాకు తెలీదని అనను. తెలుసు. తెలిసే అరుగు మీద కూర్చొని గంట, గంట అని చెప్పితి. అమీరు రాడని తెలిసిన దినం పీడ వదిలిందనుకొంటి. నిన్ను గురించి మాత్రం అట్ల అనుకోలా, సంజీవన్నా. అదే నేను చేసిన తప్పు.

"మామ మూడున్నర గంటలంటాండాడు. ఆయన మాటే నిజమై ఉంటాది. గంట పోతాదో, దినమంతా పోతాదో నాకేం తెలుసు? నేను చూసింది పైన పొయ్యే విమానం కడుపొక్కటే. బేకరీ మిద్దె మీద నిలబడుకొని, పిండి చేతులతో."